మిల్లు కప్పుకు ఏడు పళ్ళు

"ఎవరూ బయటికి పోయేది లేదు! కాగితం దొరికేదాకా యాడికీ పోయేది లేదు!"

పుదుచ్చేరి ఉప్పళంలో ఒక పాత మేడ మీద, లోపల గడియ పెట్టిన గది అది. గడియకు ఆనించి ఒక కుర్చీ, కుర్చీలో డెబ్బై ఒక్కేళ్ళ పట్టాభి, ఆయన ఒళ్ళో బారెడు ఇనుప పానా. బట్టల మిల్లులో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేసిన చేతుల్లోంచి ఆ పానాను లాక్కునే ధైర్యం గదిలో మిగిలిన ముగ్గురికీ లేకపోయింది. వాళ్ళలో సరణ్య ఒక్కతే కాస్త తెలివిగా కిటికీ దగ్గరికి జరిగి ఫోన్ చేసింది. పోలీసులకు కాదు, రెండు వీధుల అవతల ఉండే తాయారమ్మకు.

తాయారమ్మ ప్రైవేట్ డిటెక్టివ్. యాభై ఎనిమిదేళ్ళ వయసు, మోకాళ్ళ నొప్పి, ఎదుటివాళ్ళు ఒక మాట రెండుసార్లు చెబితే భరించలేని స్వభావం. ఆమె మెట్లెక్కి వచ్చేసరికి పదకొండయింది. వెనకే నోట్‌బుక్ పట్టుకుని మునియన్ వచ్చాడు. ఆయన రిటైరైన హెడ్ కానిస్టేబుల్. సర్వీసులో ఏ అధికారి ముందూ కొట్టనంత ఇష్టంగా ఇప్పుడు తాయారమ్మకు సెల్యూట్ కొడతాడు.

"పట్టాభన్నా, నేను తాయారును. తలుపు తియ్యి."

"పోలీసుల్ని తెచ్చినావా?"

"మునియన్ ఒక్కడే. రిటైరై ఆరేళ్ళయింది. చేతిలో విజిల్ కూడా లేదు."

"ఇంట్లో ఉందమ్మా," అన్నాడు మునియన్ చిన్నబుచ్చుకుని.

"తలుపు తీస్తే వీళ్ళు పారిపోతారు, తాయారూ."

"పోరు. నేను గడపలో కుర్చీ వేసుకుని కూర్చుంటా. నన్ను దాటాలంటే క్రేన్ తెచ్చుకోవాలి. తియ్యన్నా, మోకాళ్ళు పోతా ఉండాయి."

గడియ తీసిన చప్పుడైంది.

గది మధ్యలో పన్నెండడుగుల బల్ల, దాని మీద ఒక చిన్న లోకం. చిటికెన వేలి కణుపంత మనుషులు, అగ్గిపెట్టెలంత గూడ్సు పెట్టెలు, జడపిన్నంత సన్నటి పట్టాలు. పట్టాల చివర, కప్పు లేకుండా గోడలు మాత్రమే లేచిన ఒక ఫ్యాక్టరీ. పుదుచ్చేరిలో ఒకప్పుడు నడిచి, తర్వాత మూతపడి, చివరికి నేలమట్టమైన పాత బట్టల మిల్లు అది. ఈ నలుగురూ కలిసి దాన్ని ఎనభై ఏడో వంతుకు తగ్గించి కడుతున్నారు.

"ఈ బొమ్మ మిల్లు కోసమా ఇంత గొడవ?" అంది తాయారమ్మ.

"బొమ్మ కాదు, మోడల్," అన్నాడు మూలనున్న తెల్ల చొక్కా పెద్దమనిషి.

"మీ పేరు?" మునియన్ పెన్ను తీశాడు.

"అనంతరామన్. రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో హెడ్డుగా చేసి రిటైరయ్యాను. ఈ క్లబ్బుకు అధ్యక్షుణ్ణి."

మునియన్ రాసుకుంటుంటే ఆయన మెడ చాచి నోట్‌బుక్‌లోకి చూశాడు. "ఇనీషియల్ లేకుండా రాస్తారేంటి? ఎస్.ఎం. అనంతరామన్. మా ఊళ్ళోనే ఈ పేరుతో నలుగురున్నారు."

తాయారమ్మ ఒక నిట్టూర్పు విడిచింది. ఈరోజు పొడుగ్గా సాగేట్టుంది.

అసలు జరిగినదాన్ని నలుగురూ ఒకరి మాటకొకరు అడ్డుపడుతూ చెప్పారు. అరగంటలో తేలాల్సింది గంటంబావు పట్టింది.

మూడేళ్ళ పాటు ఆ మిల్లు ప్లాను కోసం వాళ్ళు తిరగని చోటు లేదు. పాత సామాన్ల కొట్లు గాలించారు, రికార్డు గదుల్లో దుమ్ము పీల్చారు, విదేశీ కేటలాగులు తెప్పించారు. ముక్కలు అతికించి కట్టుకునే ఇంగ్లండు మిల్లుల కిట్లు దొరికాయి, జర్మనీ ఫ్యాక్టరీల కిట్లు దొరికాయి. పుదుచ్చేరి మిల్లు కిట్టు మాత్రం లోకంలో ఎవరూ చేయలేదు. చివరికి అనంతరామన్ ఒకే ఒక్క పాత ఫొటో ముందు పెట్టుకుని సొంతంగా ప్లాను గీశాడు. రెడ్డియార్‌పాళయంలో లేజర్ కటింగ్ షాపు నడిపే సాయిగణేష్ ఆ ప్లాను ప్రకారం అట్టలు కోసి, కిట్టుగా పెట్టెల్లో పెట్టి అమ్మాడు. దేశమంతటా మోడల్ రైళ్ళ వాళ్ళు ఎగబడి కొన్నారు. పెట్టె మూత మీద ప్లాను గీసినవారి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

కిట్టు మొదటిసారి చూసినప్పుడే పట్టాభి తల అడ్డంగా ఊపాడు. మిల్లు కప్పు రంపపు పళ్ళలా ఉండేది. ఒక వైపు వాలు, ఒక వైపు నిలువుగా అద్దాలు, మళ్ళీ వాలు, మళ్ళీ అద్దాలు. కిట్టులో అలాంటి పళ్ళు ఆరున్నాయి.

"ఏడు," అన్నాడు పట్టాభి ఇప్పుడు కూడా. "ఏడో పన్ను కింద నా మిషను ఉండె. ముప్పై ఏళ్ళు ఆ అద్దాల్లోంచి పడే వెలుతురులోనే పని చేసినా. నేను మరుస్తానా?"

"జ్ఞాపకం ఆధారం కాదు. ఫొటో ఆధారం," అన్నాడు అనంతరామన్.

"ఫొటోలో ఆ కొస కోసేసి ఉండాది గద సార్!"

"కొస కాదు, తూర్పు గోడ."

రెండేళ్ళుగా ఇదే తగువు. చివరికి పట్టాభి కదిర్కామంలో పంకజమ్మను వెతికి పట్టుకున్నాడు. ఆమె భర్త నరసింహన్ ఆ మిల్లులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి ఎప్పుడో పోయాడు. మిల్లు కప్పును కొలతలతో సహా తన చేత్తో గీసిన డ్రాయింగును ఆయన ఇంట్లో దాచుకున్నాడు. పంకజమ్మ దాన్ని తగరపు గొట్టంలో పెట్టి, మూతకు టేపు చుట్టి పట్టాభి చేతికిచ్చింది. ఒకటే షరతు: శనివారం నాలుగింటికి తాను వచ్చేదాకా గొట్టం తెరవకూడదు. తన కళ్ళ ముందే తెరవాలి, తన ముందే స్కాన్ తియ్యాలి, తర్వాత తాను తీసుకుపోతుంది.

ఈరోజే శనివారం. పొద్దున ఎనిమిదింటికి పట్టాభి ఈ గదిలోని అలమారా తీసి గొట్టం ఎత్తితే తేలిగ్గా తగిలింది. టేపు కోసి ఉంది, లోపల ఖాళీ. మిగతా ముగ్గురూ పనికి వచ్చేదాకా నోరు విప్పలేదు. అందరూ లోపలికి రాగానే గడియ వేశాడు.

"ఆమె మాట మీద ఇచ్చింది, తాయారూ," అన్నాడు పట్టాభి. "చీటీ లేదు, సంతకం లేదు. ఎవరో మద్రాసు నుంచి ఫోన్ చేసి ఆ కాగితం కొంటామన్నారని వారం కింద నేనే అందరికీ చెప్పినా. ఇప్పుడు నేనే అమ్మేసినానని అనుకోరా? నాలుగింటికి ఆమె మొహం ఎట్ట చూసేది?"

"ఆమె ఇచ్చింది మీ చేతికి," అన్నాడు అనంతరామన్ గోడ వైపు చూస్తూ. "ఇంతకంటే నేనేం చెప్పను?"

పట్టాభి లేచాడు. మునియన్ ఇద్దరి మధ్యకు వచ్చాడు.

"కూర్చోండి!" తాయారమ్మ గొంతుకు బల్ల మీది బొమ్మ మనుషులు కూడా అదిరినట్టున్నారు. "చిన్న రైళ్ళతో ఆడుకునే పెద్దోళ్ళ గొడవలు తీర్చేదానికి నేను ఈ మెట్లెక్కలేదు. అలమారా తాళం ఎవరి దగ్గరుంటుంది?"

నలుగురూ అలమారా నెత్తి వైపు చూశారు. తాళంచెవి అక్కడే, అందరికీ కనిపించేలా ఉంది.

"భేష్," అంది తాయారమ్మ. "దీనికి తాళం ఎందుకు వేసినారో?"

అప్పటికే వాళ్ళు గదంతా వెతికారట. అనంతరామన్ తలా ఒక చోటు పురమాయించాడు. చెత్తబుట్టలు, పెట్టెలు, అలమారా వెనక, పుస్తకాల మధ్య. చించిన ముక్క, కాల్చిన మసి ఎక్కడా కనిపించలేదు.

ఆమె ముందు సరణ్యను పిలిచింది. సరణ్య ఆర్కిటెక్చర్ కాలేజీలో లెక్చరర్, ముప్పై ఏళ్ళుంటాయి.

"నిన్న మూడున్నరకే క్లాసుకు వెళ్ళిపోయాను, మేడమ్. ఈరోజు స్కానర్‌తో వచ్చాను. ముందే స్కాన్ తీద్దామని పది సార్లు అడిగాను, పట్టాభి సార్ ఒప్పుకోలేదు. ఆ పేపర్‌కు బ్యాకప్ లేకపోవడం ఎంత రిస్క్ చెప్పండి!"

"ఎలాగూ నాలుగింటికి నీ చేతికే వచ్చేది."

"అదే కదా! నేనెందుకు దొంగిలిస్తాను? ఆ బోగీల పక్కన పెట్టింది నా స్కానరే, చూడండి."

"బోగీలు కాదు, వ్యాగన్లు," అన్నాడు అనంతరామన్ దూరం నుంచే. "బోగీ అంటే కింద చక్రాలుండే చట్రం."

సరణ్య కళ్ళు మూసుకుని పళ్ళు బిగించింది. ఆ బాధ తాయారమ్మకు బాగా అర్థమైంది.

సాయిగణేష్ గదిలోంచే దారి ఉన్న వెనక డాబా మీద కొళాయి దగ్గర కూర్చుని ఉన్నాడు. వయసు నలభైకి దగ్గర. ఇంత గొడవలోనూ ఇసుక కడుగుతున్నాడు. పట్టాల మధ్య పోసేందుకు సముద్రపు ఇసుక తెచ్చి, ఉప్పు పోయేదాకా కడిగి, గుడ్డలో వడగట్టడం వాళ్ళ పద్ధతి. బకెట్ మూతికి తెల్లటి గుడ్డ కట్టి ఉంది.

"ఊరికే కూర్చుంటే పట్టాభి మామ నా పక్కే చూస్తాండాడు, అక్కా. చేతికేదో పని ఉండనీ అని."

"కొత్త ప్లాను వస్తే నీ దగ్గరున్న ఆరు పళ్ళ కిట్లన్నీ దండగే కదా?"

సాయిగణేష్ పకపకా నవ్వాడు. "అక్కా, వీళ్ళ సంగతి నీకు తెలీదు. ఒక పన్ను తక్కువైందని తెలిస్తే పాత కిట్టు కొన్నోళ్ళందరూ ఏడు పళ్ళ కిట్టు మళ్ళీ కొంటారు. ఆ కాగితం పోతే నష్టం నాకే!"

"ఈ గుడ్డ యాడిది?"

"పొద్దున తీగ మీద ఆరతా ఉండె. భలే సన్న నేత, అక్కా, ఒక్క రేణువు కూడా దిగదు. ఈ కంకర చూడు, ఎంత శుభ్రంగా..."

"కంకర కాదు, బ్యాలస్ట్." అనంతరామన్ గుమ్మం దాకా వచ్చేశాడు.

"సార్, మిమ్మల్ని నేనింకా పిలవలేదు," అంది తాయారమ్మ.

ఆయన వెళ్ళాక మునియన్ నీళ్ళ ట్యాంకు కింద వంగి, నీడలో ఉన్న ఒక ప్లాస్టిక్ తొట్టిని బయటికి లాగాడు. అందులో సగం దాకా తెల్లగా మసకబారిన నీళ్ళున్నాయి. వేలు ముంచి రుద్ది చూశాడు.

"ఇసుక కడిగిన నీళ్ళు కావమ్మా ఇవి. జిగురుగా ఉన్నాయి. మా ఇంటావిడ నా చొక్కాలకు పెట్టే గంజిలాగే ఉంది. అంచున చూడండి, ఆరి ఎట్ట బిరుసెక్కిందో."

"ఇది నీదా?" తాయారమ్మ సాయిగణేష్‌ను అడిగింది.

"కాదక్కా. నేనెప్పుడూ బకెట్లోనే కడుగుతా."

తాయారమ్మ తొట్టి వైపు, తీగ వైపు, మళ్ళీ తొట్టి వైపు చూసింది. ఆమె మొహంలో చిరాకు మొదటిసారి కాస్త తగ్గింది. "మునియన్, నిన్ను రిటైర్ చేసినవాళ్ళకు బుద్ధి లేదు," అంది. మునియన్ ఆ మాట కూడా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

ఆఖరున అనంతరామన్‌ను పిలిచారు.

"నిన్న ఆఖరున వెళ్ళింది ఎవరు సార్?"

"నేనే. పట్టాభి, సాయిగణేష్ అయిదింటికి వెళ్ళారు. నేను ఆరు ముప్పై రెండుకు తాళం వేశాను."

"ఆ కాగితం మీరెప్పుడైనా చూశారా?"

"లేదు. గొట్టం తెరవకూడదన్నది షరతు కదా."

"కాగితం పోయిందని మీకు బాధ లేదా?"

"ఉంది. కానీ నా ప్లాను ఫొటో ప్రకారం గీసింది. అది నిలుస్తుంది."

భోజనాలు గదిలోకే తెప్పించారు. తిండి దగ్గర కూడా ఇడియప్పానికి కొబ్బరిపాలా, కుర్మానా అని ఒక తగువు నడిచింది. ఆ సందట్లో తాయారమ్మ డాబా మీదికి వెళ్ళి పంకజమ్మకు ఫోన్ చేసింది. గుమ్మంలో నిలబడ్డ మునియన్‌కు ఫోన్ అవతలి గొంతు కూడా వినిపించింది.

"మా ఆయన దాన్ని ప్రాణంగా చూసుకునేవాడమ్మా. తడి చెయ్యి తగలనిచ్చేవాడు కాదు. ఆ బల్ల దగ్గర మంచినీళ్ళ చెంబు కూడా పెట్టనిచ్చేవాడు కాదు. అంచు చీలిపోతా ఉంటే నేనే నీలం దారంతో చుట్టూ కుట్టినా. పట్టాభి జాగ్రత్తగానే పెట్టినాడా?"

"జాగ్రత్తగానే పెట్టినాడు," అంది తాయారమ్మ. "నాలుగింటికి రండి."

పంకజమ్మ నాలుగుకు అయిదు నిమిషాల ముందే వచ్చింది. సన్నగా, నిటారుగా, చేతిసంచి గుండెలకు హత్తుకుని మెట్లెక్కింది. పట్టాభి ఆమెను చూసి పానా కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఖాళీ గొట్టాన్ని రెండు చేతులా ముందుకు చాచాడు.

పంకజమ్మ గొట్టంలోకి చూసింది. తర్వాత పట్టాభిని చూసింది. "ఏంది పట్టాభీ ఇది?"

"నేను చెబుతాను," అంది తాయారమ్మ. "అందరూ కూర్చోండి. మధ్యలో ఎవరూ మాట్లాడొద్దు. ఈ గదిలో అది జరిగే పని కాదని తెలుసు, అయినా అడుగుతున్నా."

ఆమె సాయిగణేష్ బకెట్ మీది తెల్ల గుడ్డను ఇసుక దులిపి తెచ్చింది. మిల్లు గోడల మీద, కప్పు ఉండాల్సిన చోట పరిచింది.

"ఇదే మీ ఆయన గీసిన డ్రాయింగ్, పంకజమ్మా."

"అక్కా, అది వడగట్టే గుడ్డ!" సాయిగణేష్ లేచాడు.

"పొద్దుటి నుంచి అందరూ కాగితం కోసం వెతికినారు. అందుకే దొరకలేదు. పాతకాలంలో ఇలాంటి ముఖ్యమైన డ్రాయింగులు గుడ్డ మీద గీసేవాళ్ళు. సన్న నేత నూలు గుడ్డ. దానికి రెండు వైపులా మైనం పట్టించి, నున్నగా రుద్దితే చూసేందుకు కాగితంలాగే ఉంటుంది. పెళపెళలాడతుంది, మెరుస్తుంది. నీళ్ళలో నానబెడితే ఆ మైనం కరిగిపోయి..."

"మైనం కాదు. గంజి."

అందరి తలలూ ఆ గొంతు వైపు తిరిగాయి.

అనంతరామన్ ఆపుకోలేకపోయాడు. "మైనమైతే నీళ్ళకు పోతుందా? గంజి పట్టిస్తారు. మా ఆఫీసులో పనికిరాని డ్రాయింగుల్ని ఇంటికి తీసుకెళ్ళి, ఉతికి, జేబురుమాళ్ళు..." అక్కడ ఆగిపోయాడు.

"మైనం పోదు సార్," అంది తాయారమ్మ మెల్లగా. "నాకూ తెలుసు. మునియన్, ఆ లెక్క చదువు."

మునియన్ గొంతు సవరించుకున్నాడు. "ఈయన పొద్దుటి నుంచి ఇతరుల మాట సరిదిద్దిన సార్లు పద్నాలుగు. బొమ్మ కాదు మోడల్, కంకర కాదు బ్యాలస్ట్, కొస కాదు తూర్పు గోడ, వగైరా. ఈయన వింటుండగా మనం 'కాగితం', 'పేపర్' అన్న సార్లు పంతొమ్మిది. సరిదిద్దింది సున్నా."

"జీవితమంతా డ్రాయింగ్ ఆఫీసులో గడిపిన మనిషి," అంది తాయారమ్మ. "పంకజమ్మ భర్త కాలం నాటి డ్రాయింగ్ గుడ్డ మీద ఉంటుందని ఈ గదిలో తెలిసింది మీకొక్కరికే. బోగీకీ వ్యాగనుకూ తేడా చెప్పకపోతే మీకు అన్నం దిగదు. అట్లాంటిది కాగితం కాదు, గుడ్డ అని ఒక్కసారి కూడా ఎందుకు అనలేదు? అంటే అందరూ గుడ్డల వైపు చూస్తారు. తీగ మీద ఆరేది కనబడుతుంది. అందుకే పంతొమ్మిది సార్లు నాలుక కొరుక్కున్నారు. పాపం, ఇరవయ్యోసారి మైనం దగ్గర జారిపోయింది."

అనంతరామన్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"నిన్న అయిదు తర్వాత మీరొక్కరే ఉన్నారు. టేపు కోసి చూశారు. పట్టాభన్న చెప్పినట్టే ఏడు పళ్ళు. మూత మీద మీ పేరున్న కిట్టు ఊరూరా ఉంది. ఈరోజు నాలుగింటికి అందరి ముందూ అది తప్పని తేలుతుంది. చించితే ముక్కలు మిగులుతాయి, కాలిస్తే వాసన వస్తుంది. ఉతికితే ఏమీ మిగలదు, ఒక తెల్ల గుడ్డ తప్ప. తొట్టి మాత్రం పారబొయ్యడం మరిచారు."

"ఒక్క పన్ను," అన్నాడు అనంతరామన్ గొణుగుతూ. "ఫొటోలో అది లేదు. నేను ఫొటో ప్రకారమే గీశాను."

"నన్ను దొంగను చేసేదానికి సిద్ధపడినావు గద, సార్," అన్నాడు పట్టాభి. గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "ఆమె ఇచ్చింది మీ చేతికి అన్నావు. ఒక్క పన్ను కోసమా?"

పంకజమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. గుడ్డ అంచును వేళ్ళతో తడిమింది. వెలిసిన నీలం దారం, తన చేతి కుట్టు. గుడ్డను ఎత్తి పడమటి కిటికీకి అడ్డంగా పట్టింది. ఎండ వెనక నుంచి పడింది. సిరా పోయింది కానీ గీతల నీడలు అక్కడక్కడా మిగిలాయి. ప్రతి వాలు కొసనా కొలత కోసం కంపాసు మొన గుచ్చిన సన్నటి రంధ్రం, అందులో నుంచి సూది మొనంత వెలుగు.

సరణ్య దగ్గరికొచ్చి వేలితో లెక్కపెట్టింది. ఆరు దగ్గర ఆగి, పట్టాభిని చూసి పక్కకు జరిగింది. ఆయన ముందుకొచ్చి చివరి చుక్క కింద వేలు పెట్టాడు.

"ఏడు," అన్నాడు. "దీని కిందే నా మిషను."

పంకజమ్మ గుడ్డను నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకోబోయి ఆగింది. పట్టాభి చేతిలో పెట్టింది.

"కప్పు వేసేదాకా నువ్వే ఉంచుకో. ఈసారి గొట్టం వద్దు, బీరువాలో చీరల కింద పెట్టు." తర్వాత మునియన్ వైపు తిరిగింది. "మీరు పోలీసు గద?"

"రిటైర్డ్, అమ్మా."

"ఫలానావాళ్ళు చేసినారని రాసివ్వండి. స్టేషన్లో నేనే ఇస్తా. మా ఆయన చేత్తో గీసింది ఇంక ఇదొక్కటే ఉండె."

మునియన్ కొత్త పేజీ తిప్పాడు. తేదీ వేశాడు. ప్రతి మాటా పైకి చదువుతూ రాయడం ఆయనకు సర్వీసు నాటి అలవాటు. "పై చెప్పిన డ్రాయింగును నీళ్ళలో ఉతికి పాడుచేసిన వ్యక్తి పేరు... ఎం. అనంతరామన్..."

మూలన కుర్చీలో తల వంచుకు కూర్చున్న మనిషి కదిలాడు. కాసేపు పెదవులు బిగించి ఆపుకోవాలని చూశాడు. తాయారమ్మ ఆయన్నే చూస్తూ ఉంది.

"ఎం. కాదు," అన్నాడాయన చివరికి. "ఎస్.ఎం. అనంతరామన్."